పురుడు ముందు, ఫ్లాట్ తర్వాత

ప్రశ్న: మాది విజయనగరం. నాకు ఐదో నెల. మావారు రోజూ రైల్లో విశాఖ వెళ్లి వస్తారు, జీతం చేతికి 48 వేలు. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, 22 వేలు వస్తాయి. అద్దె 9 వేలు, మిగతా ఖర్చులు 25 వేలు. దాచుకున్నది 11 లక్షలు. రింగ్ రోడ్డు దగ్గర 42 లక్షలకు ఫ్లాట్ చూశాం. మూడో అంతస్తు, లిఫ్టు లేదు, 54 మెట్లు. పైడితల్లమ్మ పండగలోపు లక్ష అడ్వాన్స్ ఇవ్వకపోతే రేటు పెంచేస్తామంటున్నారు. పురిటికి చీపురుపల్లిలో అమ్మ దగ్గరికి వెళ్తాను. తిరిగి వచ్చేది సొంతింటికే కావాలని ఆశ. కొనమంటారా?

జవాబు: అమ్మా, మెట్లు లెక్కపెట్టారంటే మీకూ ఎక్కడో అనుమానం ఉన్నట్టే. సిజేరియన్ అయితే పచ్చి కుట్లతో, బిడ్డనెత్తుకుని అవన్నీ ఎక్కాలి. కానీ నా భయం మెట్ల గురించి కాదు, లెక్క గురించి.

ఇంటి లోన్ 30 లక్షలు దాటితే బ్యాంకు ఆస్తి విలువలో 80 శాతానికి మించి ఇవ్వదు. అంటే 33.6 లక్షలు. మిగతా 8.4 లక్షలు మీరు పెట్టుకోవాలి. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి మన రాష్ట్రంలో 7.5 శాతం, అదో 3.15 లక్షలు. ఈ ఖర్చు తగ్గించడానికి డాక్యుమెంటులో ధర తక్కువకు రాయిద్దామని బిల్డర్ అనొచ్చు, అప్పుడు లోనూ తగ్గుతుంది. మొత్తం 11.55 లక్షలు. ఆసుపత్రి గడప తొక్కకముందే మీ చేయి ఖాళీ, పైన అరలక్ష అప్పు.

8.5 శాతం వడ్డీకి 20 ఏళ్లయితే ఈఎంఐ 29 వేల పైమాటే. ప్రసూతికి జీతంతో 26 వారాల సెలవు చట్టంలో ఉంది, మీ స్కూలు ఇస్తుందో లేదో కాగితం మీద రాయించుకోండి. ఇవ్వకపోతే మీవారి జీతంలో మిగిలేది 19 వేలు. ఇంటి ఖర్చే 25 వేలన్నారు.

అద్దె దండగ కదా అని చుట్టాలు అంటూనే ఉంటారు. మొదటి ఏడాది కట్టే మూడున్నర లక్షల ఈఎంఐలో అసలుకు జమయ్యేది 70 వేల లోపే, మిగతాదంతా వడ్డీ. మీ అద్దె ఏడాదికి 1.08 లక్షలు. పైగా మీరు చీపురుపల్లిలో ఉన్నన్నాళ్లూ ఆ ఇంటికి ఈఎంఐ కడుతూనే ఉండాలి. కడుపుతో ఉండగా గృహప్రవేశం వద్దంటారు పెద్దలు. ముహూర్తాలు నా పని కాదు గానీ, ఈసారి వాళ్ల మాట వినడం మీ జేబుకు మంచిది.

పురుడుకు లక్షన్నర సేవింగ్స్ ఖాతాలో ఉంచండి. మూడు లక్షలు ముట్టుకోని ఎఫ్‌డీ. మిగిలిన ఆరున్నర లక్షలు కూడా ఎఫ్‌డీలోనే, రెండేళ్లలో కావలసిన డబ్బు షేర్లలో వద్దు. ఈఎంఐకీ అద్దెకీ తేడా 20 వేలు కదా, అది ఈ నెల నుంచే ఆర్‌డీ కట్టండి. మీ జీతం ఆగిన నెలల్లో సగం కట్టినా చాలు. ఈఎంఐ భారం మోయగలరో లేదో మీకే తెలిసిపోతుంది. రెండేళ్లకు ఫ్లాటు రేటు రెండు లక్షలు పెరిగినా దాదాపు అందుకుంటారు, పురుడూ ఎమర్జెన్సీ డబ్బూ కదలకుండానే.

కొత్త హెల్త్ పాలసీ ఈ కాన్పుకు అక్కరకు రాదు, వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. మీవారి ఆఫీసు గ్రూప్ పాలసీలో మెటర్నిటీ ఉందా, బిడ్డ పేరు ఎన్ని రోజుల్లో చేర్పించాలి, ఇవి హెచ్‌ఆర్‌ని అడగండి.

ఈలోగా స్టేషన్‌కు దగ్గర్లో కింది వాటా ఒకటి అద్దెకు చూసుకోండి. రెండు వేలు ఎక్కువైనా ఫరవాలేదు. మే నెలలో బోరు ఎండిపోతుందా అని ఇంటివాళ్లను కాదు, పక్కవాటా ఆవిడను అడగండి.

ఆ లక్ష అడ్వాన్స్ ఇవ్వకండి. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే, లోన్ రాకపోతే డబ్బు వాపసు ఇస్తామని రసీదులో ఉందేమో ఇవాళే చూసుకోండి.