చెన్నై వేళచ్చేరిలో కొత్త టవర్‌లోని ఫ్లాటు కంటే 25 ఏళ్ల పాత ఫ్లాటుకే ఎక్కువ ధర ఎందుకు?

తేడా బిల్డింగులో లేదండీ, యూడీఎస్‌లో ఉంది. అంటే నేలలో మీకొచ్చే అవిభక్త వాటా. గోడలు ఏటేటా పాతబడతాయి, పెరిగేది నేల ధరే.

చెన్నైలో అప్పట్లో మామూలు బిల్డింగులకు ఎఫ్‌ఎస్‌ఐ, అంటే స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న లెక్క, 1.5. 2019 నిబంధనలతో అది 2 అయింది, హైరైజ్‌కు 3.25. రెండు గ్రౌండ్లలో, అంటే 4,800 చదరపు అడుగుల్లో, 800 అడుగుల పాత ఫ్లాట్లు తొమ్మిది ఉంటే నేలలో వాటా తలా 533 అడుగులు. 3.25తో కట్టిన కొత్త టవర్‌లో వెయ్యి అడుగుల ఫ్లాటుకు వచ్చేది దాదాపు 300. పైగా పాతది పడగొడితే ఇంకా ఎక్కువ కట్టుకోవచ్చు. పాత అపార్ట్‌మెంట్ల చుట్టూ బిల్డర్లు తిరిగేది అందుకే. కొనేముందు ఇవి చూడండి:

1. బ్రోచర్‌లో ఉన్న యూడీఎస్ అంకె వదిలేయండి, సేల్ డీడ్ షెడ్యూల్లో ఉన్నదే లెక్క.

2. చాలామంది వదిలేసేది ఇదే: అన్ని ఫ్లాట్ల వాటాలూ కూడండి. మొత్తం స్థలానికి సరిపోవాలి. రోడ్డుకో పార్కుకో గిఫ్ట్ డీడ్‌గా రాసిచ్చిన జాగా ముందే తీసేయండి. దాన్నీ కలిపి అమ్మే ఘనులున్నారు, మా అపార్ట్‌మెంటులో అలాగే 40 అడుగులు ఎగిరిపోయాయి.

3. పాత, కొత్త ఫ్లాట్ల ధరలను వాటి యూడీఎస్‌తో భాగించి, అడుగు నేలకు ఎంత పడుతోందో పోల్చండి.