చిన్న స్లో ఫ్యాషన్ బ్రాండ్ నిజంగా పర్యావరణహితమేనా? ఎలా తేల్చుకోవాలి?

స్లో ఫ్యాషన్ అంటే తక్కువ బట్టలు, ఎక్కువకాలం మన్నేలా తయారుచేయడం. కానీ ట్యాగ్ మీద 'ఎకో' అని రాసుంటే సరిపోదు. బట్ట ఏ మిల్లుది, రంగు ఎక్కడ వేశారు, కుట్టినవాళ్లకు రోజు కూలీయా పీసు రేటా అని అడగండి. ఈ మూడూ తడుముకోకుండా చెప్తే సగం నమ్మొచ్చు.

'ఆర్గానిక్ కాటన్' అంటే గాట్స్ (GOTS, ఆర్గానిక్ బట్టలకిచ్చే అంతర్జాతీయ సర్టిఫికెట్) లైసెన్సు నంబరు అడిగి వాళ్ల డేటాబేస్‌లో వెతకండి. ఆ గుర్తుకు కనీసం 70% ఆర్గానిక్ పీచు ఉండాలి. లేబుల్‌పై 'ఆర్గానిక్' అని వేయాలంటే 95%. ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100 అనే ఇంకో లేబుల్ వేరు: బట్టలో హానికర రసాయనాలున్నాయా అన్నదే చూస్తుంది, పత్తి ఎలా పండించారో చెప్పదు. చిన్నవాళ్లకు సర్టిఫికెట్ ఖర్చు బరువే, అది లేదని కొట్టిపారేయకండి. బట్ట కొన్న బిల్లు చూపించినా మేలే.

తర్వాత బట్టను తిరగేయండి. కుట్టు పక్కన 1–1.5 సెంటీమీటర్లు వదిలితే రేపు వదులు చేయించుకోవచ్చు. అంచులో పోగులు ఊడుతుంటే నాలుగు ఉతుకులకే కుట్టు విడిపోతుంది. ఒక పోగు లాగి కాల్చి చూడండి: నూలు కాగితం వాసనతో బూడిదవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూసలా తయారవుతుంది. రెండు లక్షణాలూ కనిపిస్తే మిశ్రమం, దాన్ని రీసైకిల్ చేయడం కష్టం.

'సహజ రంగులు' అన్నా రంగు పట్టడానికి ఏం కలిపారో అడగాలి. పటికైతే ఫర్వాలేదు, క్రోమియం లవణమైతే మురుగునీరు విషమే. ఇక వారానికో కొత్త కలెక్షన్ దింపేవాళ్లది స్లో ఎలా అవుతుంది?