చక్కెర తలుపు తెరవని వరి

తమ్ముడూ,

మొక్కల రోగనిరోధక శక్తి మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. కష్టపడి విషయం సేకరించావని తెలుస్తోంది. కానీ మొదటి పేరాలోనే సైన్యం దిగింది. తర్వాత కోటలు, ఆయుధాలు, గూఢచారులు. చివరికొచ్చేసరికి వరిచేను కురుక్షేత్రమైపోయింది. మొక్క లోపల అసలేం జరుగుతుందో మాత్రం నాకు కనబడలేదు.

నేనూ చాలాకాలం అలాగే రాశాను. ఒకసారి ఒక రైతు నా వ్యాసం చదివి, "అంత సైన్యముంటే మా చేను ఎందుకు ఎండిపోయిందండీ?" అని అడిగాడు. వేళాకోళానికి కాదు, తెలుసుకుందామనే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. అప్పటి నుంచి ఏ పోలిక రాసినా, అది ఏం చూపిస్తోంది, ఏం కప్పేస్తోంది అని ఒకసారి చూసుకుంటున్నాను.

ఎండాకు తెగులునే తీసుకో. నువ్వు దానికి ఒక్క వాక్యం ఇచ్చావు. నా లెక్కన వ్యాసమంతా దాని మీదే నడవాలి. శాంథోమోనాస్ ఒరైజే అనే బ్యాక్టీరియా ఆకు అంచున ఉండే నీటి రంధ్రాల నుంచో, గాయాల నుంచో లోపలికి వెళ్తుంది. తెల్లవారుజామున వరి ఆకు మీద మెరిసే బొట్లన్నీ మంచు కాదు. కొన్ని ఆ రంధ్రాల్లోంచి మొక్కే వదిలిన నీళ్లు. ఆ దారినే బ్యాక్టీరియా నీటి నాళాల్లోకి చేరి, పక్కనున్న కణాల్లోకి సూదిలాంటి భాగంతో తన ప్రోటీన్లు ఎక్కిస్తుంది. వాటిలో ఒకటి కణ కేంద్రకంలోకి వెళ్లి, చక్కెరను బయటికి పంపే జన్యువు ముందున్న డీఎన్ఏ మీద కూర్చుని దాన్ని ఆన్ చేస్తుంది. మొక్క తన చక్కెరను తనే బయటికి వదులుతుంది, బ్యాక్టీరియా తింటుంది.

ఎక్స్ఏ13 అనే జన్యువున్న వరిలో, సరిగ్గా ఆ కూర్చునే చోట డీఎన్ఏ మారి ఉంటుంది. ప్రోటీన్‌కు పట్టు దొరకదు. తలుపు తెరుచుకోదు. ఇందులో యుద్ధం ఎక్కడుంది చెప్పు? తలుపు కూడా పోలికే, ఒప్పుకుంటాను. కానీ అది జరిగే పనిని దాటిపోవడం లేదు. పైగా ఇంకో చిక్కునూ విప్పుతుంది: ఈ జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు కాపీలూ వస్తేనే పనిచేస్తుంది. ఎందుకంటే పాత తలుపు ఒక్కటి మిగిలినా బ్యాక్టీరియాకు అది చాలు.

తెగులును ఆపే ఇంకో జన్యువు ఎక్స్ఏ21 కథ వేరు. అది ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరి నుంచి వచ్చింది. దాని ప్రోటీన్ కణం పొర మీద ఉండి, బ్యాక్టీరియా వదిలే ఒక చిన్న ప్రోటీన్‌ను బయటే గుర్తుపట్టి లోపలికి కబురు పంపుతుంది. ఆ జన్యువును 1995లో కాలిఫోర్నియాలో పమేలా రొనాల్డ్ బృందం విడదీసింది. అది గుర్తుపట్టేది దేన్నో 2009లో ప్రకటించారు. తర్వాత తమ ల్యాబ్‌లోనే బ్యాక్టీరియా రకాలు తారుమారయ్యాయని బయటపడితే, 2013లో ఆ పేపర్‌ను వాళ్లే వెనక్కి తీసుకున్నారు. సరైన ప్రోటీన్ రాక్స్ఎక్స్ అని 2015లో తేల్చారు. నీ వ్యాసంలో ఈ ముక్క లేదు. తప్పకుండా పెట్టు. సైన్స్ అంటే తేలిపోయిన సంగతుల పట్టిక అనుకునే పిల్లలకు ఇంతకంటే మంచి కథ నాకు తెలియదు.

మన ఊళ్ల సంగతి కూడా ఇక్కడే ఉంది. బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి, అదే మన బీపీటీ 5204, తినడానికి ఎంత బాగుంటుందో ఈ తెగులుకు అంత లొంగిపోతుంది. హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ, అక్కడే ఉన్న జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ కలిసి దానిలోకి ఎక్స్ఏ21, ఎక్స్ఏ13, ఎక్స్ఏ5 మూడింటినీ తెచ్చాయి. 2008లో విడుదలైన ఇంప్రూవ్డ్ సాంబ మసూరి అదే. ఒక జన్యువును బ్యాక్టీరియా తప్పించుకున్నా మిగతావి ఉంటాయని మూడు పెట్టారు. ఇది జీఎం, అంటే ల్యాబ్‌లో జన్యుమార్పిడి చేసిన పంట కాదు, మామూలు సంకరణమే; ఏ పిల్లమొక్కలో మూడూ ఉన్నాయో డీఎన్ఏ గుర్తులతో చూసి ఏరుకున్నారు. ఈ మాట స్పష్టంగా రాయి, లేకపోతే చదివేవాళ్లకు అక్కడే అనుమానం పట్టుకుంటుంది.

ఇంకొకటి. అగ్గి తెగులును తట్టుకునే వరి ఆకు మీద గుండుసూది తలంత గోధుమరంగు చుక్కలు వచ్చి, పెరగకుండా అక్కడే ఆగిపోతాయి. శిలీంధ్రం దిగిన చోట కణాలు తామే చచ్చిపోయి దానికి తిండి లేకుండా చేసిన గుర్తులవి. మచ్చ కనబడగానే మందు కొట్టేవాళ్లకు ఈ తేడా చెప్పేవాళ్లు కావాలి. రాసేటప్పుడు వాళ్లను ఎదురుగా కూర్చోబెట్టుకో.

రెండోసారి రాసే ముందు పొద్దున్నే పొలానికి వెళ్లు. కొసల నుంచి అంచుల వెంట అలలుగా పసుపెక్కి గడ్డిరంగుకు తిరిగిన ఆకు వెతుకు. పచ్చదనం, పసుపు కలిసే చోట అడ్డంగా కోసి, కోసిన కొసను గ్లాసులో తేటనీళ్లలో ముంచి వెలుతురుకు ఎదురుగా పట్టుకో. కాసేపటికి కోతలోంచి సన్నటి పొగలా తెల్లటి ధార కిందికి జారుతుంది. అది లక్షల బ్యాక్టీరియా. నీ వ్యాసం అక్కడ మొదలుపెట్టి నాకు పంపు. ధార రావడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో కూడా రాయి.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య