టెక్ సందేహాలు: హెచ్‌ఓఏ కాలనీలో కంటపడని హ్యామ్ యాంటెన్నా

ప్రశ్న: అమెరికాలో డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. ఈమధ్యే హ్యామ్ రేడియో (అభిరుచిగా నడిపే రేడియో) జనరల్ క్లాస్ లైసెన్సు వచ్చింది. 100 వాట్ల హెచ్‌ఎఫ్ (షార్ట్‌వేవ్) సెట్టు ఉంది. ఇంటి బయట యాంటెన్నా పెట్టాలంటే అనుమతి కావాలని మా హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) నిబంధన. అటకలో డైపోల్ (రెండు వైపులా చాచిన తీగ యాంటెన్నా) కట్టుకోమని కొందరు, జెండా స్తంభంలో దాగే యాంటెన్నా కొనమని కొందరు అంటున్నారు. పెరడు పొడవు 14 మీటర్లు, చివర ఓక్ చెట్టు ఉంది. మొదటి యాంటెన్నాగా ఏది పెట్టాలి?

జవాబు: ఇంటి చూరు నుంచి ఆ ఓక్ చెట్టుకు ఒక సన్నని తీగ కట్టండి. కంటపడకపోవడం ఎంత ముఖ్యమో, ఇంటి వైరింగుకు దూరంగా ఉండటం అంతకన్నా ముఖ్యం. అటకలో దాచిన యాంటెన్నా ఆ విషయంలోనే దెబ్బతింటుంది.

ముందు చట్టం సంగతి. డిష్‌లు, టీవీ యాంటెన్నాలను హెచ్‌ఓఏ అడ్డుకోకుండా ఎఫ్‌సీసీ (అమెరికా కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ) 1996లో నిబంధన తెచ్చింది. అది హ్యామ్ యాంటెన్నాలకు వర్తించదు. ఎఫ్‌సీసీదే 1985 నాటి పీఆర్‌బీ-1 ఆదేశం హ్యామ్‌ల కోసమే వచ్చింది కానీ, అది స్థానిక ప్రభుత్వాల ఆంక్షలకే పరిమితం. ఇల్లు కొన్నప్పుడు మీరు సంతకం పెట్టిన ఒప్పందాన్ని అది మార్చదు. కాబట్టి ఆ ఒప్పందం అక్షరం అక్షరం చదివి, రాతపూర్వకంగా అనుమతి అడగండి. ‘టవర్ లేదు, స్తంభం లేదు, చూరు నుంచి చెట్టుకు 10 మీటర్ల నల్ల తీగ ఒకటి’ అని ఫొటో జతచేసి అడిగితే ఒప్పుకునే అవకాశం ఎక్కువ.

అటకను ఎందుకు వద్దంటున్నానంటే, టెక్సస్‌లో చాలా కొత్త ఇళ్లకు పైకప్పు చెక్క పలకల లోపలి వైపు వేడి ఆపడానికి అల్యూమినియం రేకు అంటిస్తారు. టార్చి పట్టుకుని అటకలోకి ఎక్కి చూడండి. తల మీద వెండిలా మెరుస్తుంటే ఆ ఆలోచన మానుకోండి, సిగ్నల్ ఆ రేకు దాటి పైకి పోదు. రేకు లేకపోయినా ఏసీ డక్టులు, కరెంటు తీగలు యాంటెన్నా పక్కనే ఉంటాయి. వాటి రొద అంతా రిసీవర్‌లోకి వస్తుంది.

మీకు సరిపోయేది 20 మీటర్ల బ్యాండుకు ఎండ్‌ఫెడ్ హాఫ్‌వేవ్, అంటే ఒక చివర నుంచి సిగ్నల్ అందించే, తరంగదైర్ఘ్యంలో సగం పొడవున్న తీగ. అదే తీగ 10 మీటర్ల బ్యాండులోనూ పనిచేస్తుంది. 40 మీటర్ల బ్యాండు కూడా కావాలంటే 20 మీటర్ల తీగ లాగాలి, మీ పెరట్లో అది వంకరలు తిరుగుతుంది. ఇప్పటికి వదిలేయండి.

26 గేజ్ నల్ల ఇన్సులేషన్ తీగ 10.4 మీటర్లు కోయండి. ఆ మందం తీగ ఆకాశం నేపథ్యంలో పది అడుగులు వెనక్కి జరిగితే కనిపించడం కష్టం. చెట్టు వైపు మిగిలిన దూరాన్ని నల్లటి డాక్రాన్ తాడుతో కలపండి, చివర సాగే ముక్క ఒకటి పెట్టండి. లేకపోతే గాలికి కొమ్మ ఊగినప్పుడు తీగ తెగుతుంది. చూరు కింద, తీగను కేబుల్‌కు సరిపెట్టే 49:1 ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న బూడిద రంగు డబ్బా పెట్టండి. మీరే చుట్టుకుంటే ఎఫ్‌టీ240-43 ఫెర్రైట్ రింగు కోర్ మీద ప్రైమరీ 2 చుట్లు, మొత్తం 14 చుట్లు, ఇన్‌పుట్ దగ్గర 100 పికోఫారడ్, 3 కిలోవోల్ట్ కెపాసిటర్.

ఆ డబ్బా నుంచి మీటరు దూరంలో కోయాక్స్‌ను (సెట్టుకు వెళ్లే కేబుల్‌ను) ఎఫ్‌టీ240-31 కోర్ మీద 10–12 చుట్లు తిప్పండి. ఇదే చోక్, కేబుల్ పైపొర మీద సిగ్నల్ పాకకుండా ఆపేది. డబ్బాకు, చోక్‌కు మధ్య ఉన్న మీటరు కేబులే కౌంటర్‌పాయిజ్‌గా (యాంటెన్నాకు రెండో భాగంగా) పనిచేస్తుంది, వేరే తీగ వేలాడక్కర్లేదు. చాలామంది ఈ చోక్ మానేస్తారు. అప్పుడు కేబుల్ పైపొర కూడా యాంటెన్నా అయి, ఆర్‌ఎఫ్ (రేడియో శక్తి) నేరుగా గదిలోకి వస్తుంది. ఆర్క్‌ఫాల్ట్ బ్రేకర్లు టపటపా పడిపోతాయి, గ్యారేజీ తలుపు దానంతట అది తెరుచుకోవచ్చు. అనుమతి ఉన్నా పక్కింటివాళ్లు ఫిర్యాదు చేసేది తీగ చూసి కాదు, ఇలాంటివి చూసే.

నానోవీఎన్‌ఏతో (యాంటెన్నాను పరీక్షించే చిన్న పరికరంతో) కొలవండి. తీగను 10 సెంటీమీటర్లు తగ్గిస్తే రెజొనెన్స్ (తీగ బాగా పనిచేసే ఫ్రీక్వెన్సీ) సుమారు 140 కిలోహెర్ట్జ్ పైకి జరుగుతుంది. ముందే కోసెయ్యకుండా చివరను వెనక్కి మడిచి చుట్టి చూడండి, 14.15 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగాక కోయండి. 100 వాట్లకు తీగ మొదట్లో దాదాపు 500 వోల్టులు ఉంటాయి, చెట్టు చివరా ఎక్కువే. రేకు గట్టర్‌ను తాకనివ్వొద్దు, రెండు చివరలూ పిల్లలకు అందనంత ఎత్తులో ఉంచండి. ఎఫ్‌టీ8 (కంప్యూటరుతో చిన్న సందేశాలు పంపే పద్ధతి) లాంటి మోడ్‌లలో 30 వాట్లు చాలు. మాట్లాడుతుండగా ఎస్‌డబ్ల్యూఆర్ (పవర్ ఎంత వెనక్కి తిరిగివస్తోందో చెప్పే కొలత) మెల్లగా పైకి పాకుతోందంటే కోర్ వేడెక్కుతోందని అర్థం.

కోయాక్స్ ఇంట్లోకి వచ్చేచోట లైట్నింగ్ అరెస్టర్ పెట్టి, ఇంటి ఎర్త్ రాడ్‌కు కలపండి. వేరే రాడ్ వేస్తే రెంటినీ 6 గేజ్ రాగి తీగతో ముడిపెట్టాలి. ఉరుములు మొదలయ్యేలోపే కేబుల్ ఊడదీసి పక్కన పెట్టండి. ఆర్‌ఎఫ్ ఎక్స్‌పోజర్ లెక్క (మనుషుల మీద పడే రేడియో తరంగాల మోతాదు లెక్క) 2021 నుంచి అందరికీ తప్పనిసరి. ఏఆర్‌ఆర్‌ఎల్ (అమెరికా హ్యామ్‌ల సంఘం) సైటులో కాల్క్యులేటర్ ఉంది.

రొద ఎక్కువగా ఉందనిపిస్తే సెట్టును 12 వోల్టుల బ్యాటరీ మీద పెట్టి ఇంటి మెయిన్ బ్రేకర్ ఆపేయండి. ఎస్-మీటర్ (సెట్టులో సిగ్నల్ బలం చూపే ముల్లు) 8 నుంచి 3కు పడితే దోషం మీ ఇంట్లోదే. బ్రేకర్లు ఒక్కొక్కటే వేస్తూ పోతే ఏ అడాప్టరో, ఏ ఎల్‌ఈడీ లైటో తెలిసిపోతుంది.

జెండా స్తంభం టెక్సస్‌లో మంచి మార్గమే. 20 అడుగుల లోపు స్తంభం ఒకటి నిలబెట్టడాన్ని అక్కడి చట్టం ప్రకారం హెచ్‌ఓఏ ఆపలేదు. అందులో దాగిన యాంటెన్నాకు ఆ రక్షణ ఉందనుకోకండి. పైగా గడ్డి కింద రేడియల్స్ (చుట్టూ చాచే తీగలు) పరచాలి, స్తంభం అడుగున రిమోట్ ట్యూనర్ పెట్టాలి, ఖర్చు చాలా ఎక్కువ. అనుమతి దొరక్కపోతే 5 మీటర్ల టెలిస్కోపిక్ విప్‌ను (సాగే కడ్డీ యాంటెన్నాను) ట్రైపాడ్ మీద నిలబెట్టి, నాలుగు రేడియల్స్ పరిచి, పని అయ్యాక మడిచి లోపల పెట్టుకోండి. ‘తాత్కాలికమైనదైనా సరే వద్దు’ అని మీ ఒప్పందంలో లేదని మాత్రం ముందే చూసుకోండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఏడో అంతస్తు ఫ్లాట్. వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్ (హ్యామ్ గుర్తింపు పేరు) వచ్చింది, చేతి సెట్టు ఉంది. డాబా మీద ఏమీ పెట్టనివ్వరు. బాల్కనీలో ఏం చేయొచ్చు?

జవాబు: 2 మీటర్ల బ్యాండుకు గ్రౌండ్ ప్లేన్ (నిటారు తీగ, దాని కింద చుట్టూ నాలుగు తీగలు ఉండే యాంటెన్నా) సులువు. ఎస్‌ఓ-239 సాకెట్టు (యాంటెన్నా కేబుల్ తగిలించేది) ఒకటి, 2 మిల్లీమీటర్ల రాగి తీగ 2.6 మీటర్లు చాలు. మధ్య పిన్నుకు 49 సెంటీమీటర్ల తీగ నిటారుగా టంకం వేయండి. నాలుగు మూలల రంధ్రాలకు 51 సెంటీమీటర్ల ముక్కలు నాలుగు బిగించి, కిందికి 45 డిగ్రీలు వంచండి. ఆ వంపే ఇంపెడెన్స్‌ను (సిగ్నల్‌కు ఎదురయ్యే నిరోధాన్ని) కేబుల్‌కు సరిపోయే 50 ఓమ్‌ల దగ్గరకు తెస్తుంది. బట్టలు ఆరేసే దండెం కొక్కేనికి నైలాన్ తాడుతో వేలాడదీయొచ్చు. ఇనుప గ్రిల్లు నుంచి కనీసం అర మీటరు బయటికి ఉండాలి, లేకపోతే ఎస్‌డబ్ల్యూఆర్ దిగదు. ఆర్‌జీ-58 కేబుల్ 5 మీటర్లకు మించనీయకండి, 145 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ పొడవుకే దాదాపు 20 శాతం పవర్ పోతుంది.