లైట్ ఇటాలిక్ ఫాంట్ హోటల్ మెనూకి, బోర్డుకి పనికొస్తుందా?

అలిపిరి రోడ్డులో హోటల్ పెడుతున్నామని, మెనూ, బోర్డు రెండూ లాటో లైట్ ఇటాలిక్‌లోనే (లాటో అనే ఇంగ్లీషు ఫాంటులో సన్న గీతలతో పక్కకి వాలినట్టుండే రకం) చేయించాలని ఉందని, తెలుగునూ అలాగే వంచొచ్చా అని అడిగారు. మెనూలో కొంతవరకు పర్వాలేదు. బోర్డుకి వద్దు. తెలుగుని మాత్రం వంచకండి.

నేను తిరుపతిలో డీటీపీ పని చేస్తాను. పెళ్లి పత్రికలు, లాడ్జి బోర్డులు, మెనూలే ఎక్కువ. ఈ ఫాంట్లు స్క్రీన్ మీద పెద్దగా చూస్తే ఎవరికైనా నచ్చేస్తాయి, ప్రింటుకి వెళ్లాకే గొడవ. మెరూన్ రంగు మీద తెల్ల అక్షరాలు వేస్తే, చుట్టూ ఉన్న ఇంకు సన్న గీతల్లోకి పాకి వాటిని మింగేస్తుంది. మన పత్రికల్లో మెరూన్ లేనిదెక్కడ! గ్లో బోర్డులో ఇంకోలా అవుతుంది: తెల్లని వెలుగు మీద సన్నటి నల్ల గీత రాత్రిపూట కరిగిపోయినట్టుంటుంది. బస్సులో పోయే యాత్రికుడు రెండు క్షణాల్లో పేరు చదవాలి కదా. పేరుకి బోల్డ్, నిటారుగా.

మెనూలో ఈ ఫాంటుకి సరైన చోటు వంటకం పేరు కింద వచ్చే చిన్న వివరణ. 'నాటుకోడి పులుసు' అని లావుగా వేసి, దాని కింద ఇంగ్లీషులో ఒక లైను లైట్ ఇటాలిక్‌లో పెడితే కంటికి తేడా వెంటనే తెలుస్తుంది. పేజీ మొత్తం అదే అయితే చదివేవాడికి విసుగు. తెల్ల కాగితం, నల్ల ఇంకు, 9 పాయింట్లకు తగ్గకుండా, అక్షరాల మధ్య కాస్త ఎక్కువ ఖాళీతో వేయించండి.

ఇటాలిక్ అంతా ఒకటే కాదు. 1957లో స్విట్జర్లాండ్‌లో వచ్చిన హెల్వెటికా ఫాంటు కుటుంబంలో ఇటాలిక్ అంటే దాదాపు అవే అక్షరాలు పక్కకి వాలతాయి. గిల్ శాన్స్ అనే ఇంకో ఫాంటులో ఇంగ్లీషు చిన్న 'a' రూపమే మారిపోతుంది. ఏ ఫాంటైనా సరే, డిజైనర్ గీసిన ఇటాలిక్ ఫైలునే వాడండి. సాఫ్ట్‌వేర్‌లో 'I' బటన్ నొక్కినప్పుడు ఆ ఫైలు లేకపోతే, మామూలు అక్షరాన్నే లాగి వంచేస్తుంది. గుండ్రని గీత ఒకవైపు లావెక్కి, ఇంకోవైపు చిక్కిపోతుంది. లైట్‌లో అసలే గీత సన్నం కాబట్టి ఆ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

తెలుగులో దాదాపు ప్రతి అక్షరమూ గుండ్రమే, అందుకే ఇక్కడ నష్టం రెట్టింపు. పైగా వంచితే పైనున్న గుడి కుడికి, కిందున్న ఒత్తు ఎడమకి జరుగుతాయి. 'స్త్రీ' అని టైపు చేసి వంచి చూడండి, ముక్కలు ఒకదాని మీద ఒకటి నిలబడవు. అక్షరాలు వంచి వేయడం మన లిపికి పాత అలవాటు కూడా కాదు.

నాజూకుతనమే కావాలంటే తెలుగు ఫాంట్లలో హింద్ గుంటూరు లైట్ గానీ, అనెక్ తెలుగులో సన్న రకం గానీ నిటారుగానే వాడండి. రెండూ ఉచితం, లాటో పక్కన బాగానే కుదురుతాయి. వెయ్యి కాపీలు కొట్టించే ముందు మాత్రం అదే కాగితం మీద ఒక ప్రూఫ్ తీయించి, మీ హోటల్లో రాత్రి ఉండే వెలుతురులో ఇంట్లో పెద్దవాళ్ల చేత చదివించండి.