మాల్డన్ వెళ్లబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

వచ్చే నెలలో ఇంగ్లండులోని ఎసెక్స్‌లో ఉన్న మాల్డన్‌కు వెళ్లి, వైకింగులతో పోరాడిన ఆంగ్లో-సాక్సన్ నాయకుడు బిర్ట్‌నోత్ కంచు విగ్రహం దగ్గర రోజంతా కూర్చుని బొమ్మలు గీస్తావని మీ నాన్న చెప్పగానే నా ఛాతీ పొంగింది, ఆ వెంటనే గుండెలో దడ కూడా మొదలైంది.

మందపాటి కోటు వేసుకో. కాగితాలు ఎగరకుండా క్లిప్పులు పట్టుకెళ్లు. 2006లో జాన్ డబుల్‌డే చేసిన ఆ విగ్రహం బ్లాక్‌వాటర్ నది ఒడ్డున, ప్రొమెనేడ్ అనే షికారు దారి చివర ఉంటుంది. అందరిలా ఎత్తిన కత్తి దగ్గరే ఆగిపోకుండా వీపు వైపు నుంచి కూడా గీయి. ఆయన పోరాడిన మాల్డన్ యుద్ధం మీద మిగిలిన పాత కవిత ఆయనను తల నెరిసిన యోధుడని చెబుతుంది. ఆ వయసు భుజాలలో కనిపిస్తుందేమో వెతుకు.

అసలు భయం ఇక చెబుతాను. అక్కడ నిలబడితే నార్తీ ద్వీపం కనిపిస్తుంది. 991లో కప్పం అడిగిన వైకింగులు, అంటే ఓడల మీద వచ్చిన దోపిడీ వీరులు, దిగింది అక్కడేనని చెబుతారు. పోటు వచ్చినప్పుడు మునిగిపోయే కాజ్‌వే, అంటే నీళ్లకు అడ్డంగా వేసిన దారి, ఒక్కటే ద్వీపాన్ని ఒడ్డుతో కలుపుతుంది. దానిని ముగ్గురే కాపలా కాసి శత్రువును నిలువరిస్తుండగా, బిర్ట్‌నోత్ ఆ వైకింగులను ఇవతలికి రానిచ్చి, ఆ పోరులోనే ప్రాణం విడిచాడు. ఆ కవిత దానిని ఆయన గర్వమనే అంటుంది.

మీ పెద్దమ్మా నేనూ అక్కడికి వెళ్లినప్పుడు, విగ్రహం చూశాక ఆ దారి కూడా చూడాలనిపించి, నేను గట్టు వెంట నడిచి వెళ్లాను. ఏటిమొగ ఊరిలో పోటుపాట్లు చూస్తూ పెరిగినవాడిని, నాకు వేళల పట్టిక ఎందుకనుకున్నాను. సగం దారిలో నిలబడి ఆ ముగ్గురూ ఎక్కడ నిలిచి ఉంటారోనని ఆలోచిస్తుంటే, రాళ్లకు అంటుకున్న నాచు మెల్లగా పైకి లేచి తేలడం కనిపించింది. అల లేదు, చప్పుడు లేదు. రెండు వైపుల నుంచీ నీళ్లు కమ్ముకొచ్చాయి. వెనక్కి తిరిగి ఒడ్డు చేరేసరికి మోకాళ్ల దాకా మునిగాను, ఒక బూటు బురదలోనే ఉండిపోయింది. గట్టు మీద మీ పెద్దమ్మ నన్ను ఒక్క మాటా అనలేదు. తన శాలువాతో నా పాదాలు తుడుస్తుంటే ఆమె చేతులు వణికాయి.

నువ్వు మొండిదానివి, నాలాగే వెళ్లి తీరతావని తెలుసు. అందుకే వద్దనను. ఆ ద్వీపం వారసత్వ స్థలాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థది, ముందుగా వాళ్ల నిబంధనలు చదువు. ఒంటరిగా వెళ్లకు, తల్లీ. ఆ రోజు పోటు వేళలు ముందురాత్రే నాకు పంపు, ఇక్కడ గడియారం చూసుకుంటూ కూర్చుంటాను.

మీ పెదనాన్న