డబుల్ బెడ్‌కి క్రోషె దుప్పటి: ఏ కుట్టు ఎక్కడ వేయాలి, ఎంత దారం పడుతుంది?

మీ ప్రశ్నలో నాకు అర్థమైంది ఇది: గొలుసు, సింగిల్ (పొట్టి కుట్టు), డబుల్ (దానికంటే పొడుగుది) కుట్లు వచ్చు, 150 × 200 సెంటీమీటర్ల మంచానికి దుప్పటి అల్లాలని ఉంది, ఒకే ముక్కగా అల్లాలా చదరాలు అల్లి కలపాలా, పాప్‌కార్న్ కుట్లు (గుబ్బల్లా ఉబ్బి కనిపించేవి) దుప్పటంతా వేయొచ్చా, దారం ఎంత కొనాలి, కింద లైనింగ్ కుట్టించాలా. మీకొచ్చిన ఆ మూడు కుట్లు చాలండి. అలంకారపు కుట్లు అంటూ వేరే ఏమీ లేవు, చాలావరకు ఆ డబుల్ క్రోషెనే ఒకే చోట గుంపుగా వేయడమో, కొన్ని చోట్ల వదిలేయడమో, అంతే.

ముందుగా, చదరాలే అల్లండి. నేను రెండు పద్ధతుల్లోనూ అల్లాను. ఒకే ముక్కలో ఉన్న సుఖం చివర్లో కలిపే పని లేకపోవడం ఒక్కటే. సగానికి వచ్చేసరికి ఒళ్లో కిలో పైన బరువు ఉంటుంది, వరస అయిన ప్రతిసారీ దాన్నంతా ఎత్తి తిప్పుకోవాలి, వేసవిలో అయితే ఇక చెప్పక్కర్లేదు. పైగా మొదటి గొలుసు కాస్త బిగిసిందంటే అడుగు అంచు ముడుచుకుపోతుంది, ఎంత లాగినా సర్దుకోదు. (అయినా ఒకే ముక్క కావాలంటే ఆ గొలుసు వరకు అర మిల్లీమీటరు పెద్ద సూదితో వేసి తర్వాత మామూలు సూదికి రండి.) చదరమైతే సంచిలో పడేసుకుని ఎక్కడైనా అల్లుకోవచ్చు, నచ్చకపోతే అదొక్కటే విప్పుకోవచ్చు.

ఇక పాప్‌కార్న్ సంగతి. దుప్పటి నిండా గుబ్బలున్న ఫొటోలు చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. కానీ దుప్పటి మీద మనం కూర్చుంటాం, పడుకుంటాం. గుబ్బలు వీపుకి ఒత్తుకుంటాయి, చెంప మీద అచ్చులు పడతాయి, బరువు పడీ పడీ మధ్యలోవి చదునైపోతాయి. అందుకే నేను పైభాగంలో చదునైన అలంకారం, పక్కలకి వేలాడే భాగంలో ఉబ్బెత్తు అలంకారం వేస్తాను. వేలాడే చోట వెలుతురు ఏటవాలుగా పడుతుంది కాబట్టి గుబ్బల నీడలు తేలి కనిపించేదీ అక్కడే. అంతటా వేసినవాళ్లు లేకపోలేదు, చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది, రోజూ వాడకుండా అతిథుల గదిలో పరిచి ఉంచేదయితే వేసుకోండి.

మీ మంచానికి లెక్క వేస్తే ఇలా వస్తుంది. రెండు పక్కలా, కాళ్ల వైపు 30 సెంటీమీటర్ల చొప్పున వేలాడాలంటే 210 × 230 కావాలి. 23 సెంటీమీటర్ల చదరాలు అడ్డంగా 9, నిలువుగా 10, మొత్తం 90. కొలత 207 × 230 వస్తుంది, తక్కువైన ఆ కాస్తా అంచుతో పూడిపోతుంది. ఇందులో ఎడమ కుడి వరసల్లో 20, కాళ్ల వైపు మిగిలిన 7, అంటే 27 చదరాలు పాప్‌కార్న్‌వి. లోపలి 63 చదునువి. దిండ్లు కూడా కప్పాలంటే తల వైపు ఇంకో వరసో రెండు వరసలో పెంచుకోవాలి.

చదరం మధ్యలోంచి మొదలుపెట్టండి. మొదటి చుట్టులో పక్కకి 3 డబుల్స్, మూలల్లో 2 గొలుసులు. తర్వాతి ప్రతి చుట్టులో కుట్టు మీద కుట్టు వేసుకుంటూ మూల ఖాళీలో 2 డబుల్స్, 2 గొలుసులు, 2 డబుల్స్. దీంతో ఒక్కో పక్క చుట్టుకి 4 కుట్ల చొప్పున పెరుగుతుంది: 3, 7, 11, 15, అలా. మధ్యరకం మందం దారం, 4 మిల్లీమీటర్ల సూది అయితే 8 లేదా 9 చుట్లకి 23 సెంటీమీటర్ల దగ్గరికి వస్తుంది, చేతి బిగువుని బట్టి కొంచెం అటూ ఇటూ. చదును చదరంలో కొన్ని చుట్లు జాలీగా చేయండి, అంటే పక్కల్లో ఒక డబుల్, 1 గొలుసు, కింద ఒక కుట్టు వదిలి మళ్లీ డబుల్. పక్కలో కుట్లు ఎప్పుడూ బేసి సంఖ్యలోనే ఉంటాయి కాబట్టి ఇది చక్కగా కుదురుతుంది, లెక్కా మారదు. ఖాళీలు మరీ పెద్దవి మాత్రం చేయకండి, కాలి వేళ్లు ఇరుక్కుంటాయి. నవ్వకండి, నిజంగానే ఇరుక్కుంటాయి.

పాప్‌కార్న్ ఇలా: ఒకే కుట్టులో 5 డబుల్స్ పూర్తిగా వేసి, సూదిని లూప్‌లోంచి తీసేసి, ఆ అయిదింటిలో మొదటిదాని తలలోకి ముందు నుంచి వెనక్కి గుచ్చి, వదిలేసిన లూప్‌ని పట్టుకుని ఇవతలికి లాగండి. ఒక గొలుసు వేసి బిగిస్తే గుబ్బ ముందుకి పొడుచుకొస్తుంది. మొత్తం గుబ్బ ఒక్క కుట్టు కిందే లెక్క, పైచుట్టులో దాని మీద ఒక్క డబులే పడాలి. ఆ బిగించిన గొలుసుని కూడా కుట్టుగా లెక్కపెట్టారంటే చదరం అలలు తిరిగిపోతుంది. దీనికి చుట్టాల్లాంటి కుట్లు ఇంకో రెండున్నాయి. బాబుల్‌లో అయిదు డబుల్స్‌నీ సగం సగం ఉంచి చివర్లో అన్నీ కలిపి ఒకేసారి లాగుతాం, కానీ అది మనకి అవతలి వైపుకి ఉబ్బుతుంది, కాబట్టి ఎప్పుడూ ముందు వైపు నుంచే అల్లే చదరానికి పనికిరాదు. పఫ్ మెత్తగా, ముద్దుగా ఉంటుంది, కానీ దాని పొడుగు లూప్‌లు గాజులకీ ఉంగరాలకీ గోళ్లకీ తగులుకుంటాయి, పిల్లి ఉన్న ఇంట్లో అసలు వద్దు.

దారం విషయంలో రకరకాలుగా చెబుతారు. కాటన్‌లో కుట్టు స్పష్టంగా కనిపిస్తుంది, చల్లగా ఉంటుంది, బరువు ఎక్కువ. ఆక్రిలిక్ తేలిక, ఉతకడం సులువు, కానీ నేరుగా ఇస్త్రీ పెట్టె తగిలితే చచ్చి సాగిపోతుంది. ఉన్ని వేడి నీళ్లలో పడితే ముద్దకట్టుకుపోతుంది. దుప్పటికి నా ఓటు కాటన్‌కే.

ఎంత దారమో ఎవరినీ అడగక్కర్లేదు, మొదటి చదరాలే చెబుతాయి. రెండు రకాలూ ఒక్కోటి అల్లి, ఉతికి ఆరబెట్టి, కొలిచి, తూకం వేయండి. మాటవరసకి చదునుది 24 గ్రాములు, పాప్‌కార్న్‌ది 30 అనుకుందాం. 63 × 24 అంటే 1,512. 27 × 30 అంటే 810. కలిపితే 2,322. కలపడానికీ అంచుకీ ఇంకో పది, పన్నెండు శాతం వేసుకుంటే 2,600 గ్రాములు. ఆ మొత్తం ఒకేసారి, లేబుల్ మీద ఒకే డై లాట్ నంబరు (ఏ విడతలో రంగు వేశారో చెప్పే నంబరు) ఉన్న ఉండలే కొనండి. అదే రంగు పేరున్నా లాట్ మారితే ఛాయ మారుతుంది, ఉండలుగా ఉన్నప్పుడు తెలియదు, పరిచాక గదంతా తెలుస్తుంది. తప్పనిసరై రెండు లాట్‌లు కొంటే రెండింటి చదరాలూ కలగలిపి అమర్చండి, తేడా కంటికి ఆనదు.

నమూనా చూసి అల్లేటట్టయితే అది అమెరికా పద్ధతా, బ్రిటన్ పద్ధతా ముందే చూసుకోండి. అమెరికా డబుల్ బ్రిటన్‌లో ట్రెబుల్, బ్రిటన్ డబుల్ అమెరికాలో సింగిల్. నేను పైన చెప్పినవన్నీ అమెరికా లెక్కలో.

ఇక దారం కొసలు. ఒకటే రంగైనా 90 చదరాలకి 180 కొసలు కనీసం. చివర్లో చూద్దాంలే అనుకుంటే ఆ 'చివర' ఎప్పటికీ రాదు, ఏ చదరం కొసలు ఆ చదరం అవగానే దూర్చేయండి. 15 సెంటీమీటర్లు ఉంచి, ఒక దిక్కుకి దూర్చి, మళ్లీ వెనక్కి దూర్చాలి. మధ్యలో మ్యాజిక్ రింగ్ (కొస లాగితే బిగిసే దారపు చుట్ట) వేసినవాళ్లు దాని కొస విషయంలో మరీ జాగ్రత్త, నున్నటి కాటన్‌లో అది జారి నడుమ చిల్లు పడుతుంది. నేనైతే 4 గొలుసుల రింగే వేస్తాను.

కలిపే ముందు అన్నీ తడిపి, మెత్తటి బోర్డు మీద 23 కొలతకి గుండుసూదులతో గుచ్చి ఆరనివ్వండి. రెండు రకాలకీ చివరి చుట్టులో కుట్ల సంఖ్య ఒకటే కాబట్టి కుట్టుకి కుట్టు సరిపోతుంది. పాప్‌కార్న్‌ది చిన్నగా వస్తుంటే దానికి మాత్రం అర మిల్లీమీటరు పెద్ద సూది వాడండి. నేను రెండు చదరాల్నీ వెనక వైపులు ఒకదానికొకటి ఆనేలా కలిపి పట్టుకుని సింగిల్ క్రోషెతో కలుపుతాను, కాస్త గట్టు కనిపిస్తుంది కానీ బలంగా ఉంటుంది, దుప్పటి బరువంతా ఆ అతుకుల మీదే కదా.

అంచుకి ముందు ఒక చుట్టు సింగిల్స్, మూలల్లో 3 చొప్పున. కెరటాల్లా లేస్తే కుట్లు ఎక్కువైనట్టు, గిన్నెలా ముడుచుకుంటే తక్కువైనట్టు. తర్వాత శంఖుకుట్టు వేస్తే అందం: ఒక సింగిల్, 2 వదిలి తర్వాతి కుట్టులో 5 డబుల్స్, 2 వదిలి మళ్లీ సింగిల్. దీనికి ఆరేసి కుట్లు పడతాయి కాబట్టి సింగిల్స్ చుట్టులోనే సంఖ్య సర్దుకోండి.

లైనింగ్ కుట్టించాలా అని కూడా అడిగారు కదా, వద్దు. గుడ్డ ఒకలా, అల్లిక ఒకలా ముడుచుకుంటాయి, రెండు ఉతుకులకే సంచిలా వేలాడుతుంది. జాలీలోంచి రంగు కనిపించాలంటే కింద విడిగా ముదురు రంగు పక్కగుడ్డ పరవండి. ఉతికాక మాత్రం తీగ మీద వేయకండి, తడి బరువుకి నిలువునా సాగుతుంది. నేల మీద తువాళ్లు పరిచి వాటి మీదే ఆరబెట్టండి.